హాజరు పట్టీ

సావనీరుకు ఒక హాస్యవ్యాసం రాసి ఇమ్మని మా మనవరాలు పట్టుబట్టింది. మనవరాలంటే మా ఎనిమిదో సంతానానికి కూతురు. ఇప్పుడు మన కాలేజీలోనే చదువుతోంది, సంచిక కమిటీలో కూడా ఉందట. "తాతా, నువ్వు పాత విద్యార్థివి కదా. మీ ఇంట్ల గంతమంది పిల్లలుండె కదా. ఆ ముచ్చట్లు రాయి. కాని నవ్వొచ్చేటట్టు రాయాలె" అని షరతు కూడా పెట్టింది.

1956 నుంచి 1959 వరకు ఈ ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఎక్కి దిగినవాణ్ణి. అంతకుముందు చిన్న తరగతులు ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కనుక నా తెలుగులో తప్పులుంటే పాఠక మహాశయులు నన్ను కాక అప్పటి సర్కారును తిట్టుకోవాలి. ఈ కాలేజీలో నేర్చుకున్న విద్యల్లో ఇప్పటికీ మరిచిపోనిది ఒక్కటే, ప్రాక్సీ. లెక్చరరు గారు నా పేరు పిలిస్తే వెనక బెంచీ నుంచి మరొకడు "ప్రెజెంట్ సార్" అనేవాడు. నేనప్పుడు క్యాంటీన్లో ఉండేవాణ్ణి. చేసిన పాపం ఊరికే పోదంటారు. తరవాత ఇరవై ఏళ్లపాటు నా ఇంట్లో నేనే హాజరు పిలవాల్సి వచ్చింది, నా పిల్లలు నాకే ప్రాక్సీ ఇచ్చారు.

మా ఇల్లు శాలిబండలో. చార్మినార్ నుంచి దక్షిణంగా నడుచుకుంటూ వస్తే పాత గడియారం స్తంభం కనిపిస్తుంది. దాన్ని చూసి టైము సరిచేసుకోకుండా గల్లీలోకి తిరగాలి. రెండు గదులు, ఒక దాలాన్, మధ్యలో వాకిలి, వాకిట్లో ఒక నల్లా, ఒక జామచెట్టు. ఇందులో ఎనిమిదిమంది పిల్లలు, మేమిద్దరం, మా అమ్మ, పెళ్లికాని మా తమ్ముడు, మొత్తం పన్నెండుమందిమి. జామచెట్టు మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు కాబట్టి కింద మరీ ఇరుకేమీ కాదు.

పిల్లల్ని నేను పేర్లతో పిలవడం అయిదోవాడు పుట్టగానే మానేశాను. ఒకర్ని పిలవబోతే మిగతా నలుగురి పేర్లూ వరసగా నోటికి వచ్చి, కావలసిన పేరు వచ్చేసరికి ఎందుకు పిలిచానో మరిచిపోయేవాణ్ణి. అందుకని నెంబర్లు. ఒకటి పెద్దబిడ్డ, రెండు పెద్దకొడుకు, అలా ఎనిమిదిదాకా. రాత్రి తొమ్మిదింటికి తలుపు గొళ్లెం పెట్టేముందు దాలాన్‌లో నిలబడి పిలిచేవాణ్ణి. చీకట్లో పరుపుల మీదనుంచి ఒకటి, రెండు, మూడు అని జవాబులు వచ్చేవి. ఎనిమిది వినపడగానే గొళ్లెం.

ఒకనాడు అలాగే ఎనిమిదీ పలికాయి. గొళ్లెం పెట్టాను, పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక తలుపు చప్పుడయింది. తీస్తే బయట నెంబర్ రెండు, సెకండ్ షో చూసి వస్తున్నాడు. మరి లోపల "రెండు" అని పలికింది ఎవరు? దీపం పట్టుకుని అందర్నీ లేపాను. చివరికి తేలిందేమంటే, పలికింది మా అమ్మ! డెబ్బయి ఏళ్ల మనిషి, దుప్పటి ముసుగేసుకుని, గొంతు బొంగురు చేసి, మనవడి తరఫున హాజరు వేయించింది. "పోరడు మ్యాట్నీ అనుకొని పోయిండు, తిట్టకు" అన్నది. కాలేజీలో నా ప్రాక్సీలకు మార్గదర్శి ఎవరో నాకప్పుడు అర్థమయింది.

ఇక నీళ్ల సంగతి. మా వాకిట్లో నల్లా తెల్లవారుజామున వచ్చేది. మొదట నీళ్లు రావు, గాలి వస్తుంది. నల్లా కాసేపు ముక్కు చీదినట్టు చప్పుడు చేసి, దగ్గి, ఉమ్మి, అప్పుడు ధార కడుతుంది. ఆ మొదటి చీదుకే మా ఆవిడ లేచేది. బిందెలు, బకెట్లు, గంగాళం, చివరికి నా టిఫిన్ డబ్బా మూత కూడా వరసలో నిలబడేవి. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చాక, మళ్లీ అలా రాకుండా ఉండటానికీ, ఊరికి మంచినీళ్లు ఇవ్వటానికీ గండిపేట చెరువు కట్టించారు. 1920లో పని పూర్తయింది. కట్టినవాళ్లు చాలా ముందుచూపు ఉన్నవాళ్లే కాని, మా ఇంటి జనాభాను అంచనాలోకి తీసుకున్నట్టు లేదు. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు విడిచిపోడని పెద్దలంటారు. పోవాలనుకున్నా ముందు స్నానం చేయాలి కదా! మా ఇంట్లో ఆ అవకాశం ఒక్కొక్కరికి రెండు రోజులకోసారి వచ్చేది.

1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసరికి మా గోడ మీద ఎర్ర త్రికోణం ఉంది. పక్కన నవ్వుతున్న అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. కింద "చిన్న కుటుంబం, చింతలేని కుటుంబం" అని రాసి ఉంది. గల్లీలో పొడుగాటి గోడ మాదేనని పెయింటర్లు ఎంచుకున్నారట. దాని కింద అరుగు మీద నా పిల్లలు వరసగా కూర్చుని మరమరాలు తింటున్నారు. దారినపోయేవాళ్లు ముందు గోడ చదివి, తరవాత అరుగు లెక్కపెట్టి, తరవాత నా ముఖం చూసి పోతున్నారు. నెంబర్ ఆరు ఆ బొమ్మను చాలాసేపు పరీక్షగా చూసి, "నాయినా, ఇద్దరే ఉన్నరేంది? కడమోళ్లు నల్లా కాడికి పోయిన్రా?" అని అడిగింది. ఆ ఏడే నేనూ ఆపరేషన్ చేయించుకున్నాను. దానితో మా ఆఫీసు కోటా తీరిందని పై అధికారి సంతోషించారు. మా ఇంటి కోటా అంతకు ఏడాది ముందే తీరింది.

జూపార్కు ముచ్చట చెప్పకపోతే మా వాళ్లు ఊరుకోరు. 1963లో తెరిచిన ఆ పార్కుకు శాలిబండ నుంచి పిల్లల్ని నడిపించుకుని పోవచ్చు. ఒక ఆదివారం ఏడుగుర్ని (ఎనిమిదోది ఇంకా పుట్టలేదు) జతలు జతలుగా చేతులు పట్టించి తీసుకుపోయాను. టిక్కెట్టు కిటికీలో ఉన్నాయన తల బయటపెట్టి వరస చూసి, "ఏ స్కూలు మాస్టారూ?" అన్నాడు. స్కూలు పిల్లలైతే తక్కువ తీసుకుంటాడని అతని గొంతులోనే తెలుస్తోంది. ఒక్క క్షణం తటపటాయించాను. నెలాఖరు. "శాలిబండ" అన్నాను. అందులో అబద్ధమేముంది? అతను టిక్కెట్లు చింపబోతుండగా నెంబర్ అయిదు నా పంచె పట్టుకుని గుంజి, "నాయినా, ఒంటికొస్తుంది" అన్నాడు. మిగతా ఆరుగురికీ కూడా సరిగ్గా అప్పుడే వచ్చింది. "మీ స్కూల్ల సార్లను నాయినా అంటరా?" అని కిటికీలోంచి ప్రశ్న. పూర్తి డబ్బులు కట్టాను. వచ్చేటప్పుడు గేటు దగ్గర హాజరు తీస్తే ఎనిమిదిమంది తేలారు! ఎవరి పిల్లవాడో కోతుల బోను దగ్గర మా వరస చూసి ముచ్చటపడి చేయి కలిపాడు. వాళ్ల నాన్నను వెతికి అప్పగించేసరికి పొద్దుగూకింది. ఆయన ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకుని ఏడుస్తున్నాడు. నాకైతే ఒకడు తగ్గినా రాత్రి తొమ్మిది దాకా తెలిసేది కాదేమో.

బట్టలు దసరాకు. పత్తర్‌గట్టీలో ఒక తాను కొనేవాణ్ణి, తాను అంటే తానే. అదే పువ్వుల గుడ్డతో ఆడపిల్లలకు గౌన్లు, లంగాలు, మగపిల్లలకు చొక్కాలు, మిగిలిన ముక్కతో కిటికీకి పరదా. దాలాన్‌లో అందరూ కూర్చున్నప్పుడు పరదా గాలికి కదిలితే ఎవరో లేచారనుకునేవాళ్లం. పిల్లలు బ్యాండుమేళం వాళ్లలాగా ఉన్నామని ఏడ్చేవాళ్లు. కాని లాల్ దర్వాజ బోనాల జాతరలో, ఇసుక వేస్తే రాలని జనంలో, ఆ గుడ్డ విలువ నాకు తెలుసు. ఎటు చూసినా మా పరదా కనిపించేది.

పుస్తకాలదీ అదే పద్ధతి. ఒకటో నెంబరు చదివిన పుస్తకం అట్టలు ఊడుతూ, మళ్లీ అతుకుతూ ఎనిమిదో నెంబరు దాకా పోవాలి. దేశంలో ఎన్ని ప్రభుత్వాలు మారినా నాకు అభ్యంతరం లేదు. సిలబస్ మారిందంటే మాత్రం నాకు జ్వరం వచ్చేది. ఆ పుస్తకాల అంచుల్లో మా పెద్దబిడ్డ పెన్సిలుతో సన్నగా అర్థాలు, లెక్కల దారులు రాసి పెట్టేది. వెనకాల వచ్చిన ఏడుగురూ పాఠం చదివింది తక్కువ, ఆ అంచులు చదివిందే ఎక్కువ.

ఇంతవరకు రాసి మనవరాలికి వినిపించాను. బాగా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మరి పెద్దమ్మ గురించి రాయలేదేంది తాతా?" అన్నది.

"రాసిన కదనే. నెంబర్ వన్."

"అది కాదు. కోఠీ ఫారం సంగతి."

ఆ పిల్లకు ఎవరు చెప్పారో నేనడగలేదు. పెద్ద కుటుంబంలో రహస్యాలు నల్లా నీళ్లలాంటివి, అందరి బిందెల్లోకీ పోతాయి. అయితే రాస్తాను.

పెద్దబిడ్డ 1960లో పుట్టింది. పదేళ్లు వచ్చేసరికే చంకలో ఒకరు, చేయి పట్టుకుని ఒకరు. పదిహేనేళ్లకు ఇంటి లెక్క దాని చేతిలోకి పోయింది, నేను ఇవ్వలేదు, ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. నేను జీతం కవరు మా ఆవిడకు ఇచ్చేవాణ్ణి, ఆవిడ బిడ్డకు ఇచ్చేది. ఒక పాత నోట్‌బుక్కులో పాలు, కిరసనాయిలు, రేషన్ చక్కెర, మీరాలం మండి కూరగాయలు, "నాయిన చాయ్, సిగరెట్లు" అని తారీఖులవారీగా రాసేది. చివరి పద్దు దగ్గర కింద గీత గీసేది. అది తప్ప మరే మాటా అనేది కాదు. నేను సిగరెట్లు మానేసింది ఆ గీతకు భయపడే.

1978 మార్చి నెలాఖరులో రమీజాబీ కేసు మీద నగరం భగ్గుమంది. కర్ఫ్యూ పెట్టారు. పేపరు ఆడపిల్లల కంట పడకూడదని నేను మడిచి దిండు కింద దాస్తే, పెద్దబిడ్డ అంతకుముందే చదివేసిందని తరవాత తెలిసింది. ఏమీ మాట్లాడలేదు, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. గల్లీలో ఏ తలుపూ తీయటం లేదు. బయట బూట్ల చప్పుడు, లోపల పన్నెండుమంది. నెలాఖరు అన్నాను కదా, జీతం ఇంకా రాలేదు. రెండోనాడు పొద్దున మా ఆవిడ బియ్యం డబ్బా వంచి చూపించింది. అడుగు కనిపిస్తోంది. నాకు చెమటలు పట్టాయి. అలాంటప్పుడు నాకు ఏదో ఒక జోకు తడుతుంది, ఆనాడు అదీ తట్టలేదు.

పెద్దబిడ్డ లేచి, గంగాళం వెనకనుంచి మూతికి గుడ్డ కట్టిన కుండ తీసుకొచ్చింది. అందులో బియ్యం. సంక్రాంతి నుంచి పూటకొక పిడికెడు, అన్నం వండబోయేముందు తీసి పెడుతోందట. వాళ్లమ్మకు కూడా చెప్పలేదు. నోట్‌బుక్కు వెనక పేజీలో పిడికిళ్ల లెక్క కూడా ఉంది, తీయటం మరిచిన పూటలకు సున్నాలతో సహా. ఎనిమిది కిలోలు తేలాయి. గ్లాసుతో కొలిచి వండింది. పక్కింటి ఖాలా గోడ మీదనుంచి కిరసనాయిలు సీసా అందిస్తే, ఇటునుంచి బియ్యం పోయాయి. ఖాలాకు తొమ్మిదిమంది పిల్లలు. మా రెండిళ్ల స్నేహానికి పునాది ఆ దగ్గరి పోలికే. కర్ఫ్యూ సడలించేదాకా మా ఇంట్లో పొయ్యి ఆరలేదు. నా జోకు అప్పుడు తిరిగొచ్చింది. "ఢిల్లీల లేకపోయినా మనింట్ల ఒక ఆర్థికమంత్రి ఉన్నది" అన్నాను. అప్పటినుంచి దానికి ఆ పేరే స్థిరపడింది.

జూన్‌లో ఇంటర్ ఫలితాలొచ్చాయి. ఆర్థికమంత్రికి ఫస్టు క్లాసు. నాలుగు రోజుల తరవాత ఒక మధ్యాహ్నం స్నేహితురాలితో కలిసి కోఠీ మహిళా కళాశాలకు పోయి ఫారం తెచ్చుకుంది. 1924లో పుట్టిన కాలేజీ అది, పాత బ్రిటిష్ రెసిడెన్సీలో ఉండేది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టి మహిళా విశ్వవిద్యాలయం చేశారు. ఆ సాయంత్రం చెల్లెళ్లను చుట్టూ కూర్చోబెట్టుకుని అక్కడి స్తంభాల సంగతి చెప్పింది. "ఒక్క స్తంభానికి మనం అందరం చేతులు పట్టుకొని తిరగాల్నే" అంటోంది. ఫారం అంతా నింపింది, ముత్యాల్లాంటి అక్షరాలు. తండ్రి సంతకం ఒక్కటి మిగిలింది.

అదే ఏడు నెంబర్ రెండు పది పాసయ్యాడు, వాణ్ణి ఇంటర్లో చేర్చాలి. ఒక జీతంలో ఇద్దరి ఫీజులు, ఇద్దరి పుస్తకాలు, రెండు బస్సు పాసులు. వాడు మగపిల్లవాడు. పైగా అది కాలేజీకి పోతే ఇల్లు ఎవరు చూడాలి? ఈ మాటలు ఈ వరసలో నేను అనలేదు, నాకు అంత ధైర్యం లేదు. దాలాన్‌లో అందరూ ఉన్నారు. ఫారం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఆర్థికమంత్రి రాజీనామా ఇస్తే మన సర్కారు పడిపోతది గదనే! మళ్ల ఎలక్షన్ పెట్టాలె, ఖర్చు ఎవరు పెట్టుకోవాలె?" అన్నాను.

అందరూ నవ్వారు. మా అమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. పెద్దబిడ్డ కూడా నవ్వింది. ఫారం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి, నోట్‌బుక్కులో పెట్టుకుని, పొయ్యి దగ్గరికి పోయింది. గొడవ లేకుండా తేలిపోయిందని నేను హాయిగా నిద్రపోయాను. మరునాడు ఆఫీసులో ఈ జోకు చెప్పాను. తరవాత పెళ్లిళ్లలో, విందుల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ బాగా పండేది. ఒక పెళ్లిలో చెబుతున్నప్పుడు పెద్దబిడ్డ వడ్డిస్తూ నా వెనకే నిలబడి ఉంది. ఆనాటినుంచి చెప్పటం మానేశాను.

నెంబర్ రెండు రెండేళ్ల ఇంటర్ నాలుగేళ్లు చదివాడు. ఇది వాడికి కోపం తెప్పించే వాక్యం, కాని నిజం. వాడిప్పుడు బాగానే ఉన్నాడు.

పెద్దబిడ్డకు 1980లో పెళ్లి చేశాను. అల్లుడిది ఉప్పుగూడలో కిరాణా దుకాణం. రెండేళ్లలో ఆ దుకాణం లెక్కలు దాని చేతిలోకి వచ్చాయి, అయిదేళ్లలో దుకాణాలు రెండయ్యాయి. 2001లో తన కూతుర్ని కోఠీ కాలేజీలోనే చేర్పించింది. ఫారం కోసం పోతూ, "నువ్వూ రా నాయినా" అంటే వెంట పోయాను. అది కౌంటరు దగ్గర వరసలో నిలబడింది. నేను స్తంభాల దగ్గర నిలబడ్డాను. నిజంగానే లావుపాటి స్తంభాలు. ఎనిమిదిమంది పట్టుకోనక్కర్లేదు కాని, ఇద్దరు ముగ్గురు కావాల్సిందే.

ఇప్పుడు శాలిబండ ఇంట్లో మేమిద్దరమే. నల్లా వస్తుంది, ఒక బిందె నిండగానే కట్టేస్తాం. పిల్లలు మలక్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒకడు అమెరికాలో ఉన్నారు. రాత్రి తొమ్మిదికి నేను దాలాన్‌లోకి పోయి ఊరికే కాసేపు నిలబడితే, "వచ్చి పండుకోండ్రి, ఇద్దరం హాజరే" అంటుంది మా ఆవిడ.

పోయిన ఆదివారం పెద్దబిడ్డ వచ్చింది. ఈ కాగితాలు దానికి ఇచ్చాను. అచ్చుకు పోయేముందు దానికి చూపించాలనిపించింది. కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో పెన్సిలు పట్టుకుని చదివింది. అలవాటు పోతుందా? జూపార్కు దగ్గర నవ్వింది. కుండ దగ్గర "ఎనిమిది కాదు నాయినా, తొమ్మిది కిలోలకు పావు తక్కువ" అన్నది. ఫారం సంగతి దగ్గర, ఆ ఏడు ఫీజు ఇంత ఉండేదని, అందుకే నా వల్ల కాలేదని నేనొక అంకె వేసి రాశాను. అక్కడ ఆగింది. పెన్సిలు ఆ అంకె మీద పెట్టి, "అంత లేకుండె నాయినా" అన్నది.

ఎంత ఉండెనో నేను అడగలేదు. బియ్యం లెక్క అలాగే ఉంచి, ఆ అంకె మాత్రం కొట్టేసి పంపుతున్నాను.